లెక్కలోంచి తీసేసిన అల

ఇన్నేళ్లుగా గుండె మీద ఓ అలను మోస్తున్నాను. వింతగా ఉంది కదూ? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను, తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు.

ఎనభైల చివర్లో, విశాఖలో సముద్రాన్ని కొలిచే ఓ చిన్న ఆఫీసులో గుమాస్తాను. మల్కాపురం డేవిడ్ అక్కడే పరిచయం. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. పొద్దున్నే హార్బరు గోడ చివర నిలబడి, నీళ్లలో పాతిన గీతల స్తంభాన్ని చూసి, ఆ పూట లేచిన అతిపెద్ద అల ఎత్తు రాయడం అతని పని. వాటికి సగటు కట్టడం నాది.

ఓ రోజు ఆఫీసులో సంతకం పెట్టేసి, కబుర్లకని అతని దగ్గరికి జారుకున్నాను. గాలి లేదు, తుఫాను లేదు. ఉన్నట్టుండి సముద్రం లేచి నిలబడింది. దాన్ని అల అనాలా? స్తంభం మాయమైంది, దాని వెనకున్న ఓడ మాయమైంది, ఆకాశం సగమే మిగిలింది. అంత పెద్దది చప్పుడు లేకుండా వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గోడ మీది కమ్మీ పట్టుకుని వేలాడాం. డేవిడ్ "దేవా" అన్నాడు. నేను రెప్ప వేయకుండా చూస్తున్నాను. అది భయం కాదు. అంతటిది నా కంటపడిందే అన్న అబ్బురం.

అతను ఏడు మీటర్లని రాశాడు. నేను ఆఫీసుకెళ్లి, కుళాయి ఊడి తడిశానని చెప్పాను.

అప్పుడే మాకు కంప్యూటర్ వచ్చింది. గళ్లలో అంకెలు వేస్తే సగటు దానంతటదే తేలేది. అదీ నాకు అద్భుతమే. ఆ వారం మిగతా అలలన్నీ ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ. ఈ ఒక్క ఏడుతో సగటు రెండు దాటింది. అంకెల్ని వరుసగా పేర్చి నడిమిది తీసుకుంటే వచ్చే మధ్యగతం మాత్రం ఒకటిన్నర దగ్గరే ఉంది. మధ్యగతం చూపించి, ఆ పెద్ద అలను విడిగా రాస్తే సరిపోయేది. అది నాకు తెలియక కాదు.

ఇంకెవరైనా చూశారా అని ఆఫీసరు డేవిడ్‌ని అడిగాడు. అతను నా వైపోసారి చూసి తల దించుకున్నాడు. పని ఎగ్గొట్టిన నన్ను కాపాడుతున్నాడు. మరి నేనేం చేశాను? పొరపాటుపడి ఉంటాడండీ అన్నాను. గడి ఖాళీ చేశాను. సగటు చక్కగా దిగింది.

సాయంత్రం గేటు దగ్గర డేవిడ్ నన్ను ఆపాడు.

"ఆయనకి సెప్పకపోతే పోనీ బావా. నాకు సెప్పు. మనం సూసాం కదేటి?"

"నాను అటు తిరిగున్నాను బావా. నాకేటీ కనబడలేదు."

"అయితే నా కళ్లే మోసం సేసాయేటో."

అక్కడ వినేవాళ్లెవరూ లేరే! అతనొక్కడికైనా నిజం ఎందుకు చెప్పలేదు? చెబితే మర్నాడు ఆఫీసరు ముందూ చెప్పాల్సి వస్తుందనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా పిరికితనం తప్ప మరో కారణం దొరకదు.

డేవిడ్ తనే అడిగి స్టోర్సుకి మారిపోయాడు. కళ్లద్దాలు చేయించుకున్నాడు. పోయేదాకా వాటిని తీయలేదు.

ఇది చెప్పినంత మాత్రాన నాకు క్షమ దొరకదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. డేవిడ్ కళ్లకు ఏ లోపమూ లేదండీ. జంకి, తగ్గించి ఏడని రాశాడు. నేనైతే ఎనిమిది రాసేవాణ్ణి.