నహావు టీచరు సున్నం పాఠం

సముద్రం మధ్య దీవిలో ఉన్న లోరెంగావు హైస్కూల్లో నహావు టీచరు ఇరవై రెండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతోంది. కోపిష్టిదని పిల్లలు అంటారు. నిజమే. కానీ ఆ కోపం ఎప్పుడూ ఊరికే రాలేదు.

తల్లి హికామ్ పగడపు రాళ్లు కాల్చి, ఆ సున్నం వక్కలు నమిలేవాళ్లకు అమ్మి ఆమెను చదివించింది. అందుకే పిల్లల ట్యాబ్‌లలో పెట్టడానికి సున్నం మీద వీడియో పాఠం చెయ్యమని రాజధాని నుంచి కబురొస్తే, నహావు కెమెరా పట్టుకుని తిన్నగా తల్లి దగ్గరికే వెళ్లింది. ముసలమ్మ కాల్చిన సున్నపు గడ్డల మీదికి చెయ్యి చాచి, మొహం పక్కకు తిప్పుకుని, వేళ్లతో నీళ్లు చిలకరించింది. దూరం జరిగి కూర్చుంది. అవి చల్లారేదాకా, పదకొండు నిమిషాలు. గడ్డలు బుస్సుమంటూ పగిలి ఆవిరి కక్కాయి. నహావు ఆ వీడియోలో ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా పంపింది.

శుక్రవారం రాజధానిలోని పాఠాల ఆఫీసు నుంచి కిలా అనే అధికారి తయారైన వీడియో తెచ్చాడు. సోమవారం దేశంలోని బడులన్నిటికీ వెళ్తుందట. పాఠం చేసినావిడగా ఆమె సంతకం ఒక్కటే తక్కువ. నాలుగు నిమిషాలుంది. వెనకాల సంగీతం. ముసలమ్మ లేదు. ఆమె చోట నవ్వుతున్న బొమ్మపిల్ల ఒకతి సున్నపు గడ్డల గిన్నె మీదికి వంగి గ్లాసుడు నీళ్లు గుమ్మరించింది.

నహావుకు ఒళ్లు మండిపోయింది.

"మా అమ్మేదయ్యా?"

"ఆంటీ, ఆవిడ అంతసేపు ఊరికే కూచుంది. ఎవరు చూస్తారు? పైగా వక్క నమిలిన ఆ ఎర్ర నోరు బళ్లో బాగుండదన్నారు."

"ఊరికే కూచుందా? ఆ కూచోడమే పాఠం నాయనా! సున్నం చింది కంట్లో పడితే చూపు పోతుంది."

"కింద హెచ్చరిక రాశాం కదా."

"రాశారు, చీమ తలకాయంత అక్షరాల్లో! బొమ్మ వంగితే పిల్లలు వంగుతారా, అది చదువుతూ కూచుంటారా?"

"ఇప్పుడు మార్చడం కుదరదు. మంత్రిగారు తేదీ చెప్పేశారు."

నహావు బీరువాలోంచి గట్టి మూత డబ్బా తీసి, అందులోని సున్నపు గడ్డలు గిన్నెలో ఒంపింది. గ్లాసు నిండా నీళ్లు కిలా చేతికిచ్చింది.

"ఊఁ, కానియ్యి. మీ బొమ్మ చేసినట్టే చెయ్యి. వంగు. ఇంకా దగ్గరికి. నవ్వవేం?"

అతను నిజంగా పోస్తే లాక్కోవడానికి చెయ్యి సిద్ధంగానే ఉంచుకుంది. కిలా గ్లాసు ఎత్తాడు. గిన్నెలోకి చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నీ కళ్లంటే నీకు తీపేగా? మా పిల్లలవి అగ్గువా?"

కిలా ఫోను తీసి ఆఫీసుకు చేశాడు.

"సార్, సున్నం పాఠం ఆపండి... ఎందుకంటే, ఆ నీళ్లు నన్ను పొయ్యమన్నారు సార్. నేను పొయ్యలేకపోయాను."