రెండు భాద్రపదాల ఏడు వచ్చిన మాంద్యం

వ్యాపార చక్రాలు అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. డెబ్బైల్లో నాంపల్లిలో ఒక అద్దె మేడ మీద నడిచే ఆర్థిక పరిశోధన సంస్థలో నేను లెక్కలు చేసేదాన్ని. సంస్థ పేరు చెప్పను, చెప్పి దానికి మర్యాద చేసే ఉద్దేశం నాకు లేదు. చదివింది స్టాటిస్టిక్స్‌లో ఎమ్మే. చేసింది మాత్రం పొద్దస్తమానం లెక్కల యంత్రం పిడి తిప్పడం. మా డైరెక్టరు ఢిల్లీలో డాక్టరేటు చేసి వచ్చాడు. రాబోయే మాంద్యాన్ని ముందే పసిగట్టే సమీకరణం తన దగ్గర ఉందని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. పసిగట్టేది ఆయన సమీకరణం, జబ్బలు లాగేది నాకు.

అబిడ్స్ బట్టల దుకాణాల వాళ్లు, బేగంబజార్ గిన్నెల వ్యాపారులు తమ అమ్మకాలు, పనివాళ్ల సంఖ్య నెలనెలా మాకు చెప్పేవారు. ఏ నెలకైనా దాని వాడుక ప్రకారం కొంత హెచ్చూ తగ్గూ ఉంటుంది. దాన్ని తీసేస్తే మిగిలేది వ్యాపారం అసలు పోకడ. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ మహానుభావుడు ఆ వాడుకను జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు గదుల్లో పెట్టి తాళం వేశాడు. సెప్టెంబరు అంటే దసరా బట్టలు కొనే నెల, అమ్మకాలు పెరిగి తీరాలి. పెరగలేదంటే దేశం మునుగుతున్నట్టే.

ఆ ఏడు అధిక భాద్రపదం వచ్చింది. అధిక మాసంలో ఎవరూ శుభకార్యం తలపెట్టరు. తర్వాత అసలు భాద్రపదం, దాని చివరి అమావాస్య, పెత్రమాస దాకా పెద్దల పక్షం, అప్పుడు కొత్త బట్ట కొనరు. బతుకమ్మ, దసరా అక్టోబరు రెండో సగానికి జరిగిపోయాయి. రంజాన్ పండుగ కూడా ఆ దగ్గర్లోనే పడింది. సెప్టెంబరంతా అబిడ్స్ దుకాణాలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాయి. ఇది తెలియడానికి గోడ మీద క్యాలెండరు చాలు. డైరెక్టరు గదిలోనూ ఒకటి వేలాడేది. దసరా సెలవుల నోటీసు మీద సంతకం పెట్టిందీ ఆయనే.

"సార్, ఈసారి పండుగలు అక్టోబరుకు జరిగాయి. సెప్టెంబరు తగ్గడం మాంద్యం కాదు" అన్నాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "పంచాంగాన్ని సమీకరణంలో పెట్టమంటావా అమ్మాయ్? ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఇది. నువ్వు యంత్రం తిప్పు."

పక్కనున్న వాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్ల ఇళ్లలోనూ పండుగ బట్టలు ఇంకా కొనలేదు.

అక్టోబరు మొదటి వారంలో బషీర్‌బాగ్‌లో ఒక హాలులో ఉపన్యాసం పెట్టి, నేను గీసిన గ్రాఫు గోడకు తగిలించి, పెద్ద మాంద్యం మొదలైందని ప్రకటించాడు. లక్డీకాపూల్ సర్కారు కచేరీల నుంచి ఆఫీసర్లు వచ్చారు, ముందు వరసలో వ్యాపారులు కూర్చున్నారు. వాళ్లలో మా అన్న పనిచేసే దుకాణం సేటు కూడా ఉన్నాడు. అబిడ్స్‌లో ఆ దుకాణం తెల్ల పరుపు మీద కూర్చుని మా అన్న ఏళ్ల తరబడి చీరలు విప్పి చూపించాడు. ఇల్లు నడిచేది అతని జీతం మీదే. నాది ఎప్పుడు పొమ్మంటారో తెలియని తాత్కాలికపు కొలువు.

మర్నాడు అన్న పట్టపగలే ఇంటికి వచ్చేశాడు.

"సేటు రేపటి సంది రావద్దన్నడు. ముగ్గురం పోయినం" అన్నాడు. "గిరాకీ మొత్తం పడిపోతదట. ఎవరో పెద్ద డాక్టర్ సాబ్ లెక్కగట్టి చెప్పిండట."

"మరి నువ్వేమన్నవ్?" అంది వదిన.

"పండుగ ముంగటున్నది సేట్‌సాబ్, జర ఆగుండ్రి అన్న. మిషిన్ లెక్క గట్లెందుకు తప్పుతదన్నడు."

ఆ మిషను ఎవరు తిప్పారో అన్నకు తెలుసు. నా వైపు చూడలేదు. ఆ క్షణాన డైరెక్టరు ఎదురుగా ఉంటే గ్రాఫు చుట్టి నోట్లో కుక్కి ఉండేదాన్ని.

పెత్రమాస దాటగానే అబిడ్స్‌లో అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేదు. జనం బట్టల మీద పడ్డారు. సేటుకు చేతులు చాలక తక్కువ కూలికి కుర్రాళ్లను తెచ్చుకున్నాడు. "నన్ను పిలుస్తడేమో" అని అన్న రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉండి చూశాడు. పిలవలేదు. ఆ తర్వాత ఎక్కడికి పోవాలన్నా అబిడ్స్ రోడ్డు తప్పించి చుట్టు తిరిగి పోయేవాడు. వదిన ఆ ఏడు బతుకమ్మ ఆడలేదు.

నవంబరులో అక్టోబరు అమ్మకాలు మా ఆఫీసుకు చేరాయి. ఆకాశాన్నంటుతున్నాయి. ఇప్పుడు ఈయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూద్దామని నేను కాగితాలు స్వయంగా తీసుకెళ్లి ముందు పెట్టాను. ఆయన ఎర్ర పెన్సిలుతో అక్టోబరు చుట్టూ సున్న చుట్టాడు.

"అసాధారణ విలువ. లెక్కలోంచి తీసెయ్" అన్నాడు.

తర్వాత దుకాణాల్లో పనివాళ్ల సంఖ్య చూశాడు. జీతగాళ్లు తగ్గారు. కూలికొచ్చిన కుర్రాళ్లు ఆ లెక్కలోకి రారు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా? ఉద్యోగాలు పడిపోయాయి. మాంద్యానికి ఇంతకంటే రుజువేం కావాలి?"

"మీ ఉపన్యాసం విని తీసేశారు సార్. అందులో ఒకడు మా అన్న."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. జాలి పడతాడనుకున్నాను, నా పిచ్చి. "ఒక్క మనిషి వల్ల ఫలితం మారదు" అన్నాడు.

ఆ లెక్క పూర్తి చేసింది నేనే. ఉన్న ఆ ఒక్క జీతం కూడా పోగొట్టుకుని వదిన ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. సమీకరణం చక్కగా కుదిరింది. వ్యాసం అచ్చయింది, డైరెక్టరుకు ఢిల్లీలో ఇంకా పెద్ద కుర్చీ దొరికింది. ఆ ఏడు హైదరాబాదు బట్టల వ్యాపారంలో మాంద్యం వచ్చిందని ఆ వ్యాసంలో ఇప్పటికీ ఉంటుంది. వచ్చిన మాట నిజమే. బజారుకు రాలేదు, మా ఇంటికి వచ్చింది.