అవ్వ ఎత్తుకున్న పాట

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, నాట్లల్ల పాట ఎత్తుకునేది. ఆమె ఒక మాట అంటే ఎనుక నాటేసే ఆడోళ్ల ముఠ మొత్తం అందుకునేది. పాట ఉంటే చెయ్యి దానంతట అదే నడుస్తది. లేకుంటే పొద్దుగాలనే నడుము నొప్పి మొదలైతది. పాలంపేట చెరువు కింద మా ఊరి పొలాలు. డెబ్బయిలు అయిపోవచ్చిన రోజులు, నేను అప్పుడప్పుడే నాటేసుడు నేర్సుకుంటున్న.

ఆ యేడు ఎండకాలం మా వాడల కొన్ని ఇండ్లోళ్లం బాప్తిస్మం తీసుకున్నం, బొట్టు పెట్టుకునుడు బందు చేసినం. వాడ చివర, మేం కూలికి పోయే పటేలు పొలం గట్టు పక్కపొంటి, తాటికమ్మల పాక ఏసుకొని ఆదివారం ఆదివారం ప్రార్థన చేసుకునేటోళ్లం. హనుమకొండ నుంచి పాస్టరు అయ్యగారు బస్సు దొరికితే వచ్చేటోళ్లు. దొరకకుంటే ప్రార్థన అవ్వనే నడిపించేది. చదువు రాదు గని నోరు మాత్రం దేవుడు దండిగ ఇచ్చిండు. నాటు బాణీలల్లనే యేసు పాటలు కట్టేది.

నాట్లు మొదలువెట్టే రోజు మొదటి నారుకట్టకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాలె. పాట ఎత్తుకునే ఆమెనే కొట్టాలె, అది మా ఊరి రివాజు. అవ్వ కొట్టనన్నది.

"నాటేస్త పటేలా. మొక్కుడు మాత్రం నాతోని కాదు."

"బొట్టు లేని మొఖం నా పొలంల కనపడొద్దు" అన్నడు పటేలు.

ఆ పొద్దే ఆయన మనుషులు వచ్చి మా పాక పీకి కమ్మలు బురదల తొక్కిన్రు. బాప్తిస్మం తీసుకున్నోళ్లను ఎవలు పనికి పిలవొద్దు, దుకాణంల ఉప్పు సుత ఇయ్యొద్దు అని ఊరంత చెప్పిచ్చిండు. బొట్టు పెట్టుకొని వస్తే అన్ని మాఫ్ అట. మేం ఎవల సొమ్ము తిన్నమని?

మక్క గటుక, గట్ల పొంటి దొరికిన కూర, గదే తిండి. పక్కింటి అత్త పోచమ్మకు మొక్కేటామె, గని కొంగుల ఉప్పు ముడేసుకొని దొంగతనంగ తెచ్చేది. "మీ దేవుడు చప్పటి గటుక తింటడో తినడో, ఎందుకైనా మంచిదే పెట్టుకోండ్రి" అని నవ్వేది. ఆమె పటేలు ముఠలనే నాటు వేసేది.

ఆకలికి తాళలేక రెండిండ్లోళ్లు బొట్టు పెట్టుకొని పనికి పోయిన్రు. వాళ్లను నేను ఏమనను. మా నాయిన సుత మెత్తవడ్డడు. "పెట్టుకుంటే ఏమైతదే? లోపలి దేవుడు లోపలనే ఉంటడు గద" అన్నడు.

అవ్వ గటుక కలుపుకుంటనే అడిగింది. "నీ పెనిమిటి ఎవలని నన్ను ఎవలన్న అడిగితే, కూలి కోసం ఇంకొకని పేరు చెప్పుమంటవా?"

నాయిన మల్ల ఆ ముచ్చట ఎత్తలే.

ఆదివారం వాన పడుతాంది. పాక లేదు. అవ్వ గోనెసంచి నెత్తిన కప్పుకొని ఆ బురదలనే నిలవడ్డది, మేం చుట్టూర నిలవడ్డం. గట్టు అవతల ముఠ నాటు వేస్తాంది. ఎవల నోట్ల పాట లేదు, నాటు సాగుతలేదు. నారు ముదురుతాందని పటేలు ఛత్రి పట్టుకొని గట్టు మీద లొల్లి పెడుతాండు.

అవ్వ గొంతెత్తింది. "సిలువ మోసిన సామి మా వాడకొచ్చిండె."

మేం అందుకున్నం. రెండో సారికి గట్టు అవతలికెల్లి ఇంకో గొంతు కలిసింది. చూస్తే పక్కింటి అత్త. వంగిన నడుము వంగినట్టే ఉంది, చేతులు నాటుతనే ఉన్నయి. ఆమె ఎనుక ఇంకొకామె, ఇంకొకామె. ఇగ ముఠకు ముఠ అందుకున్నది. బొట్టు పెట్టుకున్నోళ్లు, పెట్టుకోనోళ్లు, అందరు.

పటేలు "బందు చేయుండ్రి" అని అరిసిండు.

"పాట బందైతే నాటు బందైతది పటేలా. ఇన్ని దినాలు చూడలేదా?" అన్నది అత్త, తల ఎత్తకుండనే.

ఇయ్యాల ఎవలేమన్న అననియ్యి, ఆ వానల నిలవడ్డప్పుడు మా అంత ఉన్నోళ్లు ఈ భూమి మీద ఎవలు లేరనిపించింది నాకు.

పొద్దుగూకినంక పటేలు మా వాకిట్లకొచ్చిండు. ఎన్నడు మా గడపల దిక్కు చూసినోడు కాదు. "రేపటి నుంచి అందరు రాండ్రి" అన్నడు.

"బొట్టు పెట్టుకోను" అన్నది అవ్వ.

"నిన్ను ఎవలడిగిన్రే" అని చిరచిరలాడుకుంట పోయిండు.

తెల్లారి మడి కాడ అవ్వ చీర ఎగజెక్కి, దిగే ముందు గట్టు మీద చేతులు జోడించి కండ్లు మూసుకున్నది. జల్ది చెయ్యిమని ఎవలు అనలే. ముఠ ఆగింది. నారుకట్టలు మోసేటోళ్లు ఆగిన్రు. అవ్వ ఆమెన్ అనేదాక పటేలు సుత ఛత్రి కింద నోరు మూసుకొని నిలవడ్డడు.