బొట్టు పెట్టిన రోబో

మిర్యాలగూడల బియ్యం గోదాం ఊడుస్త నేను. బస్తాల మీది స్టిక్కర్లు సదువుకుంట తనంతట తనే తిరిగే రోబోను నిరుడు తెచ్చిండ్రు. కొత్త మిషన్‌కు బొట్టు లేకుంటే ఎట్ల? ముందలున్న అద్దానికి పసుపు రాసి కుంకుమ పెట్టిన. రోబో నాలుగడుగులు పోయి ఆగిపోయింది.

"అది దాని కన్ను, అమ్మా!" అని ఇంజినీరు సారు మొత్తుకున్నడు. నా పానం పోయినంత పనైంది. కొంగుతోని తుడిసి, చీపురు అందుకునేలోపే అది కదిలి నా మీదికే వచ్చింది. భయంతోని కండ్లు మూసుకున్న.

తెరిసేసరికి జానెడు దూరంల నిలబడ్డది. నన్ను జరసేపు సూసినట్టు ఆగి, మెల్లగ నా పక్క నుంచి సుట్టు తిరిగి పోయింది.

ఇరవై ఏండ్ల సంది ఆ గోదాంల అందరు నన్ను "జరుగు" అన్నోళ్లే. నా కోసం జరిగింది అదొక్కటే.