కూర్చున్నప్పుడు తీసిన కొలత

పోయిన నెల మా బావ పోయారు. మా ఆయనకు అన్న, చిలకలగూడలోని మా మ్యాచింగ్ సెంటర్‌కు పెద్ద. పొద్దున షట్టర్ ఎత్తబోతూ గుండె పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. పన్నెండేళ్లు నన్ను అటక మీద కూర్చోబెట్టిన మనిషి గురించి అన్నీ మంచి మాటలే రాస్తే ఆయనే నమ్మరు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

దుకాణం ఇరుకు. కింద ఫాల్స్, లైనింగులు. నేను జాకెట్లు కుట్టడానికి చోటు లేదు. మారేడ్‌పల్లిలో ఒక షట్టర్ ఖాళీగా ఉందని తెలిసి, అక్కడ సొంతంగా పెట్టుకోవాలని ఆశపడ్డాను. బావ ఒప్పుకోలేదు.

"ఇంటోళ్లందరం ఒక్కతాననే ఉండాలె. పైన జాగా ఉంది గద, అటక లెక్క మెజ్జనైన్ ఏపిద్దాం" అన్నారు.

వెల్డర్‌ని పిలిపించారు. నన్ను మిషన్ ముందు కూర్చోమని, తలపైన జానెడు వదిలి కొలత తీయించారు. "పైన గింత సాలు. మిగిలిందంత కిందికి ఇయ్యి, గిరాకీలు వంగొద్దు."

"మనిషి లేవాలె గద అన్నా" అన్నాడు వెల్డర్.

"కూసొని చేసే పనే గద."

నేను అక్కడే ఉండి నోరు విప్పలేదు. ఆ కోపం ఆయన మీదకంటే నా మీదే ఎక్కువ.

పైన కిటికీ లేదు. ఎండాకాలం కప్పు వేడి నెత్తిమీదే. కిందికి చూస్తే గిరాకీల పాపిళ్లు తప్ప మొహాలు కనబడేవి కావు. లేచినప్పుడల్లా పైకప్పు ఇనుప గడ్డర్‌కు తల కొట్టుకునేది. కలలో కూడా వంగే నడిచేదాన్ని.

ఒకరోజు జ్వరమొచ్చి నేను వెళ్లలేదు. ఎవరిదో అర్జెంటు జాకెట్టు వెతకడానికి బావ మొదటిసారి పైకెక్కారు. మర్నాడు చూస్తే గడ్డర్ చుట్టూ స్పాంజ్ చుట్టి, మీద లైనింగ్ గుడ్డ వేసి చేత్తో కుట్టి ఉంది. కుట్లన్నీ వంకరటింకర. ఆయన నుదుటి మీద బొప్పి.

"కొలత నువ్వు కూసున్నప్పుడు తీసిన. తప్పు నాదే" అన్నారు. ఆయన తప్పు ఒప్పుకోగా నేను విన్నది ఆ ఒక్కసారే. అయినా మెజ్జనైన్ మాత్రం అంగుళం దించలేదు.

ఆ రోజు నుంచి, మిషన్ చప్పుడు ఆగితే చాలు, నేను లేవబోతున్నానని గుడ్డ కొలుస్తూనే కింద నుంచి "తల పైలం" అని హెచ్చరించేవారు.

"లేస్తలేను బావా, దారం తెగింది" అని విసుక్కునేదాన్ని.

"అయినా పైలం" అనేవారు. బుట్టకు తాడు కట్టి చాయ్ పైకి పంపేవారు.

పదకొండో రోజు అయ్యాక దుకాణం తెరిచాం. "మిషన్ కిందికి దించుదమా? లేకుంటే మారేడ్‌పల్లిల చూద్దమా? ఇగ వద్దనేటోళ్లు లేరు" అన్నాడు మా ఆయన. పన్నెండేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది. చేతిలో ఉన్న జాకెట్టు అయిపోనిమ్మని పైకెక్కాను.

చేతులు కుట్టడం అయింది. మిషన్ ఆపి లేచాను. తల గడ్డర్‌కు తగిలింది. స్పాంజ్ ఉంది కదా, నొప్పి పుట్టలేదు. మళ్లీ కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి, గుడ్డ ఏమీ పెట్టకుండానే మిషన్ తొక్కాను. ఆపి, కిందికి చెవి పెట్టాను. మళ్లీ తొక్కాను.