చిన్నమ్మాళ్ పెట్టిన మూడు సంతకాలు

చిన్నమ్మాళ్ ఇరవై రెండేళ్లుగా తమిళనాడు రాజపాళయంలో రఘురామ కంపెనీలో ఆస్పత్రి కట్టుగుడ్డ మడుస్తోంది. గుడ్డను అరచేతి మీద పరిచి, గోరంత మేరలో పోగులు చూసి బాగోగులు చెప్పేస్తుంది. పలచబడిన గుడ్డను ‘కళివు’ అని చెత్తలోకి విసిరేస్తుంది. ఆమె కాదన్న గుడ్డను సూపర్‌వైజరు కూడా అవునన్నది లేదు.

ఆ కంపెనీ యజమాని రఘురామే పేదల కోసం ఉచిత ఆస్పత్రి ట్రస్టు పెట్టాడు. డబ్బు పంపేది విదేశాలవాళ్లు. అది పక్కదారి పట్టకుండా కూలీల్లో ఒకరు కాపలా ఉండాలని వాళ్ల షరతు. చిన్నమ్మాళ్‌ను కమిటీలో వేశాడు. బాగుంది కాపలా! ఆస్పత్రికి కొన్న కట్టుగుడ్డ పెట్టె ఒక్కటైనా తెరిచి చూపించిన పాపాన పోలేదు. మూడుసార్లు వరండాలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సరుకు సరిగ్గా ఉందన్న కాగితం చాచాడు. పెద్దింటివాళ్లు చాచిన కాగితం చదివితే వాళ్లను అనుమానించినట్టేనని తాతల నాటి మర్యాద. చదువు వచ్చి కూడా చదవకుండానే సంతకం చేసింది, పిచ్చిది.

ఈలోగా ఆమె భర్త చెల్లప్ప కాలికి షుగరు పుండు లేచింది. ట్రస్టు ఆస్పత్రిలోనే కట్టు కట్టారు. ఎన్ని వారాలైనా మానదే! ఒకనాడు కట్టు విప్పితే పుండు నిండా నూలుపోగులు. తడిపి ఒక్కొక్కటే లాగుతుంటే చెల్లప్ప పళ్లు బిగబట్టాడు. ఆమె ఆ గుడ్డను అరచేతి మీద పరిచింది. కళివే. తన చేత్తో విసిరేసిందే. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి నెల విదేశీ సంస్థ తరఫున భార్గవి అనే ఆఫీసరు తనిఖీకి వచ్చింది. ఆమె ఎదుటే రఘురామ సంతకం కోసం నాలుగో కాగితం చాచాడు.

“చిన్నమ్మాళ్, ఇక్కడ ఒక కైయెళుత్తు పెట్టు.”

“పెట్టను అయ్యా. ముందు పెట్టె తెరిచి చూస్తాను.”

“నిన్ను కమిటీలో వేసింది నేనే గదా. మరిచిపోయినావా?”

“మరువలేదు. నా మొగుని కాలు కుళ్లేదానికి నన్నే కాపలా పెట్టినారు.”

చిన్నమ్మాళ్ అక్కడున్న పెట్టె చించి, ఒక గుడ్డ చుట్ట తీసి, భార్గవి అరచేతి మీద పరిచింది. వేలు తగిలితే చాలు, పోగులు ఊడి వచ్చాయి.

“చూడండి మేడమ్. మంచి గుడ్డకని మీ దగ్గర డబ్బు తీసుకొని, మేము పారేసిన కళివు మాకే కట్టినారు.”

రఘురామ ముఖం మాడిపోయింది. “ఇన్నినాళ్లు నువ్వు కూడా కైయెళుత్తు పెట్టినావు గదా!”

అందరూ ఆమె వైపు తిరిగారు. కంచే చేను మేసింది, నిజమే. ఆ కంచెలో తానూ ఒక ముల్లే. చిన్నమ్మాళ్ తల దించుకోలేదు.

“అవును మేడమ్, ఆ మూడూ నావే. చూడకుండా పెట్టినాను. మీ రిపోర్టులో ఈయన పేరు కింద నా పేరు కూడా రాయండి.”