ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా నా రెండు నెలలు

అరవై తొమ్మిదో ఏట ఇంటర్మీడియట్‌లో చేరాను, ఓపెన్ స్కూల్లో. సికింద్రాబాద్‌లోని ఒక సర్కారు బడిలో ఆదివారాలు మాత్రమే క్లాసులు. సివిక్స్ ఎందుకు తీసుకున్నారని అడిగినవాళ్ళకు రాజ్యాంగం మీద ప్రేమ అని చెప్పాను. అసలు సంగతి, అందులో లెక్కలుండవు.

మొదటి ఆదివారం మేడమ్ అందరినీ పరిచయం చేసుకోమన్నారు. "ఆరు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశానండీ" అన్నాను. పోలింగ్ కేంద్రానికి పెద్ద ఆయనే. నా మాట మరీ అబద్ధమేం కాదు. ఆయన కూర్చున్న గదిలోనే నేనూ కూర్చున్నాను, రెండు బల్లల అవతల.

"ఇంటర్ లేకుంటనే ఆఫీసర్ ఎట్లయినవ్ తాతా?" అన్నాడు ముందు బెంచీలోని ఆటో డ్రైవర్.

"ఆ జమానా వేరు బిడ్డా."

ఇక నా కోతలు ఆగలేదు. ఒక ఆదివారం బ్యాలెట్ పెట్టెను నెత్తిన పెట్టుకుని వాన నీళ్ళలో నడిచాను. మరో ఆదివారం ఒక మంత్రిని లైన్లో నిలబెట్టాను.

రెండు నెలలకు ఎన్నికల పాఠం వచ్చింది. "అనుభవమున్నవారు, మీరే చెప్పండి సార్" అని మేడమ్ చాక్‌పీస్ నా చేతికిచ్చారు. బోర్డు మీద బూత్ బొమ్మ గీస్తుండగా చివరి బెంచీలోంచి ఒకామె లేచింది. జాకెట్లు కుడుతుంది, వయసు నలభై దాకా ఉంటుంది. ఎప్పుడూ నోరు విప్పింది లేదు.

"కాకా, పోయినసారి నేను పోయేసరికి నా ఓటు ఎవరో ఏసిపోయిండ్రట. ఆడ కూసున్నాయన 'అయిపోయిందమ్మా, ఇంటికి పో' అన్నడు. కార్డు సుత చూపెట్టిన. ఎనక లైన్ల ఉన్నోళ్ళు నవ్వవట్టిరి. సిగ్గయి వచ్చేసిన. మల్ల ఎలక్షన్లు వస్తున్నయ్ గదా, పోవాల్నా వద్దా? అప్పుడు నేనేమన్న చేసేటిదుండెనా?"

మేడమ్ పుస్తకం తిరగేశారు. "ఇందులో లేదమ్మా. సార్‌కి తెలిసుంటుంది."

సార్‌కి తెలుసు. ఎలా తెలుసో చెప్పడమే కష్టం.

కాగితం ఓట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆఫీసర్ అన్నం తినడానికి పక్క గదికి వెళ్ళాడు. చంకలో పిల్లతో ఒక కూలీ మనిషి వచ్చింది. ఆమె పేరు మీద అప్పటికే ఓటు పడిపోయింది. జాబితా చూసే గుమాస్తా ఏం చెప్పాలో తోచక నా వైపు చూశాడు. నేను ఒక ఆఫీసులో అటెండర్ని. ఆరు ఎన్నికల్లోనూ నా పని వేలికి సిరా పూయడం. అయినా గొంతు పెంచి, అచ్చం ఆఫీసర్‌లాగే, "అయిపోయిందమ్మా, పో" అన్నాను. ఆమె వేలు నా ముందుకు చాపింది. చుక్క సిరా లేదు. ఆ వేలిని నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు ఆ గదిలో లేరు. వెళ్ళిపోయింది. ఆఫీసర్ చెయ్యి కడుక్కుని వచ్చి, సంగతి విని, "టెండర్ ఓటు ఇవ్వాలి కదయ్యా!" అని తల పట్టుకున్నాడు.

ఆమె కోసం గేటు దాకా పరిగెత్తానని రాయాలనుంది. కుర్చీలోంచి లేవలేదు.

చాక్‌పీస్ పక్కన పెట్టి క్లాసులో ఇదంతా చెప్పాను. ఆటో డ్రైవర్ "అంటే మంత్రి సుత..." అని నవ్వబోయి, జాకెట్లు కుట్టే ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"నన్ను పొమ్మన్నది నువ్వేనా?" అంది ఆమె.

"కాదు బిడ్డా, నేను పొమ్మన్నది ఇంకొకామెను. నీ ఓటు పోయినా నువ్వు నువ్వేనని చూపెడితే వేరే ఓటు కాగితం ఇయ్యాలె, టెండర్ ఓటంటె గదే. సంతకం తీసుకుంటరు. నువ్వు ఓటేసినంక దాన్ని కవర్ల పెడ్తరు."

"లెక్కవెడ్తరా?"

"మామూలుగ పెట్టరు. కోర్టు అడిగితెనే."

"మరెందుకది?"

"నువ్వు వచ్చినవని, నీ ఓటు ఇంకెవరో ఏసిండ్రని, ఆడ రాసి ఉంటది."

 ఆమె నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి తెచ్చింది. "ఆ ముచ్చట రాసియ్యి. మల్ల పొమ్మంటె చూపెడ్త."

నలభై ఏళ్ళు ఆఫీసులో నలిగిన చెయ్యి. "తమరు దయతలచి నాకు టెండర్ ఓటు ఇప్పించగలరని ప్రార్థన" అని రాశాను. ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

"గిట్ల బతిమాలుడేంది కాకా? నాకు హక్కున్నదా, లేదా?"

"ఉన్నది."

"అయితే అదే రాయి."

ఇంకో కాగితం అడిగి తీసుకున్నాను.